నీళ్లక్క

కొత్త భవనం కడుతున్నచోట ఆఫీసు గోడమీది పనుల పట్టికలో కాంక్రీటుకు గడి ఉంది, రంగులకు గడి ఉంది. స్లాబుకు నీళ్లు పట్టే నీళ్లక్కకు మాత్రం లేదు. ఆమె ఏనాడూ అడగలేదు. పొద్దున్నే పైపు భుజాన వేసుకుని మెట్లెక్కుతుంది, గోనెసంచులు తడుపుతుంది, ఆరిన చోటును అరికాలితోనే పసిగడుతుంది. నాని నాని ఆమె వేళ్లు ఎండలో కూడా ముడతలు విడవవు.

మొన్న పెద్ద హాలు స్లాబు పోసిన ఏడో రోజునే ఇంజనీరు వచ్చి, “పని వెనకబడింది, రేపు స్లాబును మోస్తున్న కింది కర్రలు తీసేయండి” అన్నాడు. మేస్త్రీ తల గోక్కున్నాడు.

“పద్నాలుగు రోజులుంచాలన్నది మీరే కదా సారూ. పచ్చి బాలింత చేత బిందెలు మోయిస్తామా?” అంది నీళ్లక్క.

“నీళ్లు పట్టడం నీ పని. మిగతావి నీకెందుకక్కా?” అన్నాడు ఇంజనీరు.

మర్నాడు కర్రలు తీసేవాళ్లు వచ్చేసరికి ఆమె ఆ స్లాబు కిందే అన్నం డబ్బా విప్పుకుని కూర్చుంది. “తీయండి నాయనా, నా తిండి నేను తింటా.” ఎవరి చెయ్యీ సుత్తి మీదికి పోలేదు. అది చూసిన ఇంజనీరు కర్రలు తీసే గడువును వారం పొడిగించాడు.

కొత్త ఇల్లు కొనేవాళ్లు గచ్చు నునుపు చూసి మురిసిపోకండి. స్లాబుకు ఎన్నాళ్లు నీళ్లు పట్టారో, ఎవరు పట్టారో అడగండి. పేరుతో సహా చెప్పేదాకా సంతకం పెట్టకండి.