రైట్ చెప్పేదాకా

ఆ ఉదయం కండక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కడానికి కారణాలు ఒకటా రెండా! గీజరు వేడినీళ్ళివ్వనని మొరాయించింది. పిల్లాడు కొత్త బూట్లలో కుడిది ఎడమకాలికి, ఎడమది కుడికాలికి వేసుకుని, ఇలాగే బాగుందని భీష్మించుకు కూర్చున్నాడు. పిల్ల జడ వేయించుకుంటూ తల అటూ ఇటూ తిప్పి పాపిడి కాస్తా వంకర చేసింది. ఇక మొగుడుగారు తెల్లారకముందే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, "నువ్వున్నావుగా, నాకేం బెంగ" అని ఒక్క మాట పారేసి చక్కాపోయాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఇంటికి చేసిన సాయమంతా ఆ ఒక్క మాటే.

ఆయన లిఫ్టు మెకానిక్కు. కంపెనీ వాళ్ళు ఈ దేశంలో పని ఉందని పంపించారు. పిల్లల్ని ఇంటర్నేషనల్ స్కూల్లో మేమే చదివిస్తామన్నారు. ఆ మాట వినగానే ఆయన కళ్ళు మెరిశాయి, ఆమె ఉద్యోగానికి సెలవు చీటీ పడింది. ఉద్యోగమంటే బస్సు కండక్టరు. ఇంటాబయటా ఆమెకి అదే పేరు. అత్తగారు కూడా పక్కింటివాళ్ళతో "మా కండక్టరమ్మ" అనే చెప్పుకునేది, అందులో గొప్ప ఎంతో వెటకారం ఎంతో ఎవరికీ తేలేది కాదు.

పొద్దుటి పూట బస్సులో ఆమెని చూసి తీరాలి. ఫుట్‌బోర్డు మీద గబ్బిలాల్లా వేలాడే కుర్రాళ్ళని, "లోపలంతా ఖాళీయే! మీ అత్తగారిల్లు కాదు, మొహమాటమెందుకు, జరగండి!" అని ఒక్క కేకతో లోపలికి తోసేది. టికెట్టు తీయకుండా కిటికీలోంచి ప్రకృతి అందాలు చూసే పెద్దమనుషుల్ని ఇట్టే పసిగట్టేది. ఆమె "హోల్డాన్" అంటే బస్సు ఆగాలి, బస్సు రేకు మీద రెండుసార్లు దబదబా కొట్టి "రైట్" అంటే కదలాలి. డ్రైవరు ఎంత కోపిష్టివాడైనా ఆ మాట దాటడానికి లేదు.

అలాంటి మనిషి ఒకసారి పొరపడింది. ఒక తల్లి మూటలతో ఎక్కింది. కొడుకు ఎక్కాడనే అనుకుంది తల్లి, ఎక్కాడనే అనుకుంది కండక్టరు. రైట్ కొట్టేసింది. వాడు స్టాపులో మంచినీళ్ళ కొళాయి దగ్గర ఉన్నాడు. బస్సు వెనకాల ఏడుస్తూ పరిగెత్తి బోర్లా పడ్డాడు. మోకాళ్ళు చీరుకుపోవడం తప్ప ఇంకేమీ కాలేదు గానీ, ఆ ఏడుపు ఆమె చెవిలో ఇల్లు కట్టుకుంది. ఆ తర్వాత ఎంతమంది ఎక్కారో, వాళ్ళ వెంట ఎవరెవరున్నారో చూసుకోకుండా ఎప్పుడూ రైట్ చెప్పలేదు. ఇంట్లోనూ అంతే. పొద్దున్నే పిల్లలిద్దరూ గుమ్మం దగ్గర నిలబడాలి, ఆమె తలుపు మీద రెండుసార్లు కొట్టి రైట్ అనాలి, అప్పుడే గడప దాటాలి.

ఈ ఊళ్ళో ఆమె నోటికి తాళం పడింది. బస్సెక్కితే కండక్టరే లేడు. ఒక డబ్బా, దానికి కార్డు చూపిస్తే కుయ్యిమంటుంది. జనం చెవుల్లో ఏవో దోపుకుని బొమ్మల్లా కూర్చుంటారు. ఆ నిశ్శబ్దంలో పిల్లలిద్దర్నీ చెరో పక్కనా కూర్చోబెట్టుకుని ఆ రోజు స్కూలుకి బయల్దేరింది. ఆమె బెంగంతా పిల్ల మీదే. పాత బడి కాగితాలు చూసి, పిల్లకి ఐదో తరగతి వయసుంది గానీ మొదటి రోజు పొద్దున్నే చదివించి, లెక్కలు చేయించి చూస్తామన్నారు స్కూలువాళ్ళు. సరిగ్గా చేస్తే ఐదు, లేకపోతే నాలుగు. చదివిన తరగతే మళ్ళీ చదవడం! అక్కడ ఏ మాస్టారి చేతా ఒక్క మాట పడని పిల్లని ఇక్కడ వెనక్కి కూర్చోబెడితే అది ఎంత చిన్నబుచ్చుకుంటుందో తల్లికి తెలియదా?

అంత తెలిసిన మనిషి, బస్సు దిగుతూ పిల్లతో ఏం చెప్పాలి? బాగా చదవమని చెప్పాలి. ఆమె చెప్పింది ఇది:

"ఇదిగో, వాడు కొత్తచోట బెదిరిపోతాడు. నేనొచ్చి రైట్ చెప్పేదాకా తమ్ముడి చెయ్యి వదలకు. ఎవరు చెప్పినా సరే. తెలిసిందా?"

పిల్ల బుద్ధిగా తల ఊపింది.

పెద్దవాళ్ళు లోపలికి రాకూడదని గేటు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. మిగతా తల్లులు పిల్లలకి ముద్దులు పెట్టి, కార్లెక్కి, క్షణంలో మాయమయ్యారు. కండక్టరమ్మ మాత్రం రోడ్డవతలి గోడకి ఆనుకుని నిలబడింది. కాపలా మనిషి ఇక వెళ్ళమన్నట్టు నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఆమె కూడా నవ్వి చెయ్యి ఊపి అక్కడే ఉంది. ఎండ గోడ మీదికి పాకింది. కాళ్ళు పీకాయి. గంటల తరబడి కుదిపే బస్సులో నిలబడ్డ కాళ్ళకి ఇదో లెక్కా అని తనకి తానే చెప్పుకుంది.

కాసేపటికి ఆ కాపలా మనిషే రోడ్డు దాటి పరిగెత్తుకుంటూ వచ్చి రమ్మని సైగ చేశాడు. చిన్నాడికి ఏమయిందో అనుకుంటూ ఆమె చెప్పులు టపటపలాడిస్తూ లోపలికి ఉరికింది.

చిన్నాడికి ఏమీ కాలేదు. పసిపిల్లల గదిలో, రంగు రంగుల తివాచీ మీద, ఎడమచేత్తో చెక్కదిమ్మలు పేర్చుకుంటున్నాడు. వాడి కుడిచెయ్యి అక్క గుప్పిట్లో ఉంది. అక్కేమో జానెడు కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, పెదాలు బిగించుకుని కూర్చుని ఉంది. టీచరమ్మ పిల్ల ముందు నేల మీద గొంతుక్కూర్చుని, పాపం, బతిమాలీ బతిమాలీ అలసిపోయినట్టుంది.

కండక్టరమ్మకి వచ్చిన ఇంగ్లీషు ఇక్కడ పనికొచ్చేది కాదు. మొగుడికి ఫోను కొట్టింది.

"ఏంటే? లిఫ్టు పెట్టె మీద నిలబడున్నా నేను."

"నేను నిప్పుల మీద నిలబడున్నా. ఈ టీచరుగారేం చెబుతోందో విని నాకు చెప్పండి."

టీచరు ఫోనందుకుని చాలాసేపు మాట్లాడింది. మధ్యలో లిఫ్టు గొలుసుల గలగల వినిపించింది. ఆయన మళ్ళీ లైన్లోకొచ్చాడు.

"ఐదో తరగతి గదిలో పరీక్ష మొదలైపోయిందట. మన పిల్ల ఇప్పుడైనా వెళ్తే కూర్చోనిస్తారట. వెళ్ళకపోతే నాలుగే, ఇంకో రోజు పెట్టరట. ఎంత పిలిచినా తమ్ముడి చెయ్యి వదలట్లేదట. ఆ పిల్లకి ఎవరైనా ఏమైనా చెప్పారేమో కనుక్కోమంటోంది. నువ్వేమైనా చెప్పావా?"

"నేనా? నేనేం చెబుతాను? మీరు ముందు లిఫ్టు దిగండి!" అని ఫోను పెట్టేసింది.

తర్వాత పిల్ల మీద ఒంటికాలి మీద లేచింది. "ఏంటే ఈ మంకుపట్టు? అక్కడ పరీక్ష అయిపోతుంటే ఇక్కడ చంటిపిల్లలా కూర్చుంటావా? లే!"

"నువ్వు రైట్ చెప్పలేదుగా" అంది పిల్ల.

"ఇప్పుడు చెబుతున్నా. రైట్! ఇక పద."

పిల్ల కదల్లేదు. "వాడు ఏడుస్తాడు."

"నేనేం ఏడవను" అన్నాడు పిల్లాడు, దిమ్మల మీంచి కళ్ళు తిప్పకుండానే. "అక్కే ఏడ్చింది. అమ్మా, నా చెయ్యి వదలమను. వంతెన కట్టాలంటే రెండు చేతులూ కావాలి."

అప్పుడు చూసింది కండక్టరమ్మ. పిల్ల చెంపల మీద చారలు కట్టి ఉన్నాయి. పొద్దున తను రాసిన పౌడరంతా చెదిరిపోయింది. బెదిరిపోయింది వీడు కాదు, అది. వీడి చెయ్యి పట్టుకుని గట్టున పడదామని చూస్తోంది. కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది గానీ గొంతు మాత్రం అంత త్వరగా దిగలేదు.

"భయమైతే భయమని చెప్పాలి గానీ, తమ్ముడి మీద పెడతావేంటే?"

"వాళ్ళు చెప్పేది నాకొక్క ముక్క అర్థం కావట్లేదమ్మా."

"నాకు మాత్రం అర్థమవుతోందా? లెక్కలు ఎక్కడైనా లెక్కలే కదా. చదవమన్నది చదువు. తప్పొస్తే రానీ. ఇక్కడ భయపడ్డానికేముంది?"

పిల్ల కిటికీ వైపు చూపించింది. పసిపిల్లల గది కిటికీలోంచి రోడ్డు తేటగా కనిపిస్తోంది. రోడ్డవతల గోడ, గోడ కింద ఆమె మరిచిపోయి వచ్చిన గొడుగు.

"మరి నువ్వెందుకు వెళ్ళలేదు?" అంది పిల్ల. "అందరి అమ్మలూ వెళ్ళిపోయారు. నువ్వొక్కదానివే అక్కడ నిలబడి ఇటే చూస్తున్నావు. ఇక్కడేదో ఉండబట్టే కదా నువ్వు వెళ్ళట్లేదు అనుకున్నా."

నిండు బస్సులో ఎవరేమన్నా ఠక్కున జవాబు చెప్పే మనిషి, గోడ కింది గొడుగు వైపు చూసింది. టీచరమ్మ అర్థం కాక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. పిల్లాడు మాత్రం చెయ్యి గుంజుకోవడానికి పెనుగులాడుతున్నాడు.

"ఏమీ లేదే ఇక్కడ" అంది చివరికి. "ఊరికే నిలబడ్డాను. బుద్ధి లేక."

"అయితే వెళ్ళిపో."

"నువ్వు పరీక్షకి వెళ్ళు, నేను వెళ్తాను."

"కాదు. ముందు నువ్వు వెళ్ళు. గోడ దగ్గర ఉండకు. నిజంగా వెళ్ళు. అప్పుడు నేను వెళ్తా."

ఆమె కదలబోయి ఆగింది. ఇద్దర్నీ తెలియని చోట దింపేసి, వెనక్కి చూడకుండా పోవడమంటే మాటలా? మోకాళ్ళు చీరుకుపోయిన ఆ పిల్లాడి ఏడుపు మళ్ళీ చెవిలో మొదలైంది. కాళ్ళు తివాచీకి అతుక్కుపోయాయి.

పిల్ల చేత్తో మొహం తుడుచుకుంది. తమ్ముడి చెయ్యి వదిలేసింది. జానెడు కుర్చీలోంచి లేచి, పక్కనున్న చిట్టి బల్ల మీద వేళ్ళ కణుపులతో రెండుసార్లు కొట్టింది.

"రైట్."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఆమెతో చెప్పినవాళ్ళు లేరు. చెప్పాక కదలాలి, అది తను పెట్టిన నియమమే. కదిలింది. వరండా దాటింది, గేటు దాటింది, గోడ దగ్గర ఆగకుండా గొడుగందుకుంది. మెడ వెనక్కి తిరగబోతుంటే పళ్ళు బిగబట్టి ముందుకే పట్టి ఉంచింది. వచ్చిన బస్సెక్కి, డబ్బాకి కార్డు చూపించి, కిటికీ పక్కన కూలబడింది.

మొగుడు ఫోను చేశాడు.

"టీచరు నాకు ఫోను చేసి చెప్పింది, పిల్ల వెళ్ళి కూర్చుందట. ఎవరూ తీసుకెళ్ళలేదట, తనే నడిచి వెళ్ళిందట. చదువుతోందట. గొంతు వణుకుతోందట గానీ ఆపకుండా చదువుతోందట. వింటున్నావా? మాట్లాడవేంటి? ఏడుస్తున్నావా?"

"ఏడుపెందుకు? ఈ బస్సు మీద ఒళ్ళు మండుతోంది. నేను సరిగ్గా కూర్చోకుండానే కదిలిపోయింది" అంది కండక్టరమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మీరింకా ఆ లిఫ్టు దిగలేదా?"