ఊడ్చిన దొడ్డి

మాది చితికిపోయిన ఇల్లే కాని, ఊడ్వని ఇల్లు కాదు. పొలాలు పోయాయి, వీధివైపు గదులు అద్దెకిచ్చాం. అయినా కళ్లాపి పడని వాకిట్లోకి అతిథిని పిలిచిన రోజు లేదు. ఒక్క వెనక దొడ్డిని మాత్రం చాలా ఏళ్లు వదిలేశాను. మనుషుల్ని పెట్టుకోలేక వదిలేశానని ఎవరికీ చెప్పలేదు. నీడ కోసం ఉంచానని చెప్పేవాణ్ణి.

కొవ్వూరు దగ్గర, గోదావరి గట్టుకి దిగువన ఉంటుంది ఆ దొడ్డి. పనసలు, ముసలి మామిళ్లు, మధ్యలో వెదురు పొద. కింద ఏళ్ల తరబడి రాలిన ఆకు, చీలమండ లోతున. చలికాలం రాగానే ఆ గుబురులోకి ఒక పిట్ట వచ్చేది. తలా రొమ్మూ మాగిన నారింజపండు రంగు, వీపు బూడిద నీలం. అడవుల్లోంచి దిగి వస్తుందని మా ఇంట్లో దాన్ని మన్యం పిట్ట అనేవాళ్లం. మహా బిడియం. తలుపు కిర్రుమంటే వెదురు వెనక్కి పోయేది. కదలకుండా కూర్చుంటే మళ్లీ వచ్చి, ముక్కుతో ఒక్కో ఆకునీ తిరగేసి పురుగులు ఏరుకునేది. తిరిగి వెళ్లబోయే రోజుల్లో, తనలో తాను అనుకున్నట్టు సన్నగా పాడేది.

మూడేళ్ల కిందట, పిట్టల్ని చూస్తూ తిరిగే ఒక టీచరుగారికి ఈ సంగతి గొప్పగా చెప్పాను.

"మా బడి పిల్లల్ని తీసుకురావచ్చాండి? చుట్టూ తోటలన్నీ చేపల చెరువులైపోయాయి. దానికి మిగిలింది మీ దొడ్డేనేమో."

"ఆదివారం రండి."

"ఆదివారం చర్చి ఉంటుందండి. శనివారం పొద్దున్నే వస్తాం."

శుక్రవారం ఇద్దరు మనుషుల్ని పెట్టాను. మా ఇంట్లో ఎన్నాళ్లుగానో పనిచేస్తున్న ఆవిడ చీపురు పట్టుకుని ఆగిపోయింది.

"బాబుగారూ, ఆకులు తీసేస్తే అదేం తింటాదండి?"

"టీచరుగారు వచ్చేది పిట్టని చూడ్డానికా, మన చెత్త చూడ్డానికా?"

"పిట్టుండేది చెత్తలోనే గదండీ. తమరికి చుట్టాలొస్తున్నారని దాని చేత ఇల్లు ఖాళీ చేయించేస్తారా ఏంటి?"

ఆ ఇద్దరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పొద కింది కొమ్మలు కూడా కొట్టించి, ఆకంతా మూలకి పోయించి తగలబెట్టించాను. సాయంత్రం నీళ్లు చల్లితే నేల అద్దంలా ఉంది. మా తాతగారి నాటి దొడ్డిని మళ్లీ చూశానని పొంగిపోయాను.

మర్నాడు పిల్లలు ఊపిరి బిగబట్టి గంటసేపు కూర్చున్నారు. రెండు కాకులు వచ్చాయి.

"ఈ ఏడు ఇంకా రాలేదండి" అన్నాను. శుక్రవారం పొద్దున్నే దాన్ని చూశాను.

టీచరుగారు మూలనున్న బూడిద కేసి చూశారు. ఇంకా సన్నగా పొగ వస్తోంది.

"దొడ్డి చాలా శుభ్రంగా ఉంచుతారండి" అన్నారు. నేను తల వంచుకోవలసింది. వంచలేదు.

ఆ తర్వాత అక్కడ చీపురు పడనివ్వలేదు. ఆకు మళ్లీ పేరుకుంటోంది, కాని పలచగా. అడుగున పురుగులు పట్టే ఆ నల్లటి తడి ఇంకా చేరలేదు. చలికాలం రాగానే టీచరుగారు ఫోన్ చేస్తారు.

"వచ్చిందాండి?"

"రాలేదండి."

ఇప్పుడు చెబుతున్నది నిజమే. ఆ రోజు చెప్పింది నిజం కాదని చెప్పడానికి మాత్రం ఇంతవరకూ నోరు రాలేదు. ఫోన్ పెట్టేసి వెదురు కేసి కుర్చీ వేసుకుంటాను. పనావిడ కాఫీ తెచ్చి, ఆకులు చప్పుడు కాకుండా అడుగులేస్తూ వెళ్లిపోతుంది.