తువ్వాల వేసిన చోటు

దేవేందర్‌కి కోపం వస్తే మాట కంటే ముందు చెయ్యి వెళ్లేది. బుద్ధి ఆ తర్వాత ఎప్పుడో వచ్చేది, అదీ చుట్టపుచూపుగా. సిరిసిల్ల బస్టాండులో కిటికీలోంచి తాను వేసిన తువ్వాలను పక్కకి తోసి సీట్లో కూర్చున్న పెద్దమనిషిని కూర్చున్నట్టే ఎత్తి కింద పడేశాడు. పొలంలో మోటరు వంతు దగ్గర మాటా మాటా పెరిగి, సొంత అక్క మొగుడు భూమేశ్ మూతి మీద గుద్ది ముందు పళ్లు రాలగొట్టాడు. పళ్లు పోయినవాడు కొన్నాళ్లకు మరిచిపోయాడు గానీ అక్క లావణ్య మరిచిపోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి, మొగుడి నెత్తురు కొంగుతో తుడుస్తూ ఒకే మాట అంది.

"ఎవ్వల మీద చెయ్యి లేపకుంట బతుకుడు నేర్సుకున్నంక నాతోని మాట్లాడు. అందాక నాకు తమ్ముడు లేడు."

అన్నదంటే అన్నదే. రాఖీ పండక్కి గుమ్మం దాకా వెళ్తే తలుపేసుకుంది.

విచిత్రమేమిటంటే, అతన్ని దుబాయ్ తీసుకొచ్చింది ఆ భూమేశే. ఊరంతా నోరెళ్లబెడితే, "చేతుల దురదున్నోనికి కాంక్రీటు అప్పజెప్తె సరి" అని కట్టుడు పళ్లతో నవ్వాడు. ఊళ్లోవాళ్లకి గల్ఫంతా దుబాయే గానీ వీళ్లుండేది అబూధాబి పక్కన మఫ్రఖ్ లేబర్ క్యాంపులో, ఇద్దరిదీ ఒకే గది. పాత కట్టడాలు కూలగొట్టే కంపెనీలో దేవేందర్‌కి బ్రేకర్ మిషను ఇచ్చారు. పొద్దంతా స్లాబులు పగలగొడితే సాయంత్రానికి అన్నం ముద్ద ఎత్తడానికి కూడా చేతులు లేచేవి కావు. అయినా మొదట్లో బాత్రూం లైను దగ్గర ఒకడి గల్లా పట్టుకున్నాడు. ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, పిలిపించి ఇంకోసారి జరిగితే వీసా ఖలాస్ అని చెప్పి పంపాడు.

ముదీర్ మాట చెవికెక్కింది గానీ గుండెకెక్కలేదు. గుండెలో ఉన్నది అక్క. రోజూ పని అయ్యాక భూమేశ్ ఆమెకి వీడియో కాల్ చేసేవాడు. ఆమె చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూ మాట్లాడేది. దేవేందర్ ఎదుటి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని, నిద్రపోతున్నట్టు నటిస్తూ ప్రతి మాటా వినేవాడు. పొరపాటున అతని భుజం కనపడినా అవతల ఫోను ఇంటి కప్పు వైపు తిరిగేది. అప్పుడు ఆ కండలు తిరిగిన మనిషికి ఏడుపొచ్చేది. వస్తే ఏం లాభం, ముందే రావాల్సింది.

ఒక సాయంత్రం లావణ్య, వేములవాడ రాజన్న జాతరలో ఎవరి దగ్గరో స్ఫటిక లింగం చూశానని మొగుడికి చెప్పింది. "ఎంత తేటగున్నదో, నీళ్లను గడ్డ కట్టిచ్చినట్టు" అని మురిసిపోయింది. గోడ వైపు తిరిగిన మనిషి కళ్లు తెరిచాడు.

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో చలికాలం అది. ఫుజైరా కొండల్లో మూతపడిన ఒక క్వారీ ఉంది. సెలవు రోజుల్లో టికెట్ కొనుక్కుంటే ఎవరైనా లోపలికి వెళ్లి స్ఫటికాలు తవ్వుకోవచ్చు, దొరికింది దొరికినవాళ్లదే. దేవేందర్ పట్టు పట్టి భూమేశ్‌ని బయల్దేరదీశాడు. తెలిసినవాళ్ల వ్యాను, ఒక సమ్మెట, సన్న ఉలి, నీళ్ల క్యాన్లు. దారి పొడుగునా భూమేశ్ గొణిగాడు.

"సెలవు దినం గూడ రాళ్లు గొట్టుడేనా బామ్మర్దీ?"

"అక్క కోసం బావా."



క్వారీ నిండా జనం. కుటుంబాలు, ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు, కెమెరాలు మెడలో వేసుకున్న తెల్లవాళ్లు. ఎటు చూసినా సుత్తుల మోత. భూమేశ్ వ్యాను నీడలో నడుం వాల్చాడు. దేవేందర్ జనం లేని వైపు వెళ్లి, నల్లటి రాతిగోడలో పలుగురాయి చార ఒకటి పట్టుకున్నాడు. చార వెంట పోతే గోడ అడుగున, ముందుకు పొడుచుకొచ్చిన బండ కింద ఒక పగులు కనిపించింది. ఫోను లైటు వేసి చూశాడు. లోపల వేలెడంత స్ఫటికాలు, గుత్తులు గుత్తులుగా, అక్క చెప్పినట్టు నీళ్లలా తేటగా ఉన్నాయి. ఒళ్లు ఝల్లుమంది. సమ్మెటతో కొడితే పొడైపోతాయి, సన్న ఉలి వ్యానులో ఉంది. మెడలోని తువ్వాల తీసి పగులు మీద పరిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టి, ధీమాగా నడిచాడు. తువ్వాల వేసిన చోటు మనదే కదా!

తిరిగొచ్చేసరికి తువ్వాల చక్కగా మడతపెట్టి పక్కన ఉంది. పగుల్లో ఒక మనిషి బోర్లా పడుకుని, తలా కుడిచెయ్యీ లోపలికి దూర్చి గెలుకుతున్నాడు.

"ఏయ్, ఎవలు నువ్వు?" అని దేవేందర్ అతని కాలు పట్టుకుని కుదిపాడు. ఆ మనిషి తల బయటికి తీసి, దుమ్ము మొహంతో నవ్వాడు. పేరు సిలాస్, భీమవరం వైపు, అబూధాబిలో ఒక ఆసుపత్రిలో నర్సు.

"మన తెలుగువారేనా అండీ! ఎవరో తువ్వాలు మర్చిపోయారనుకున్నానండి."

"మర్సిపోలే. ఏసిపోయిన. బస్సుల తువ్వాల ఏసుడు నువ్వెన్నడు జూడలేదా?"

"చూశానండి. కానీ ఇది బస్సు కాదు కదండీ" అని సిలాస్ పకపకా నవ్వాడు. "టికెట్టు నేనూ కొన్నానండి. మా పాప ఫేబాకి ఒకటి తీసుకెళ్తానని మాటిచ్చాను."

"బయటికి రా. లేకుంటె చెయ్యి ఇరగ్గొడ్త."

"అలాగే విరగ్గొడుదురు గాని, ఒక్క నిమిషం ఆగండి" అని అతను మళ్లీ లోపలికి దూరాడు.

దేవేందర్ కణతలు అదిరాయి. పిడికిలి బిగిసింది. ఆ వీపు మీద ఒక్కటి వేస్తే చాలు, మనిషి ముద్దయిపోతాడు. కానీ అక్క మొహం కళ్లముందు నిలబడింది. మనిషిని కొట్టకూడదు. రాయిని కొట్టొద్దని ఎవరూ అనలేదు. సమ్మెట ఎత్తి పొడుచుకొచ్చిన బండ మీద వేశాడు. మళ్లీ వేశాడు. బూతులు తిడుతూ, పళ్లు నూరుతూ, ఆ నవ్వు మొహాన్నే కొడుతున్నట్టు ఊగిపోతూ కొట్టాడు. చేతులకి సుఖంగా ఉంది, అబద్ధమెందుకు. బెదిరిపోయి బయటికొస్తాడులే అనుకున్నాడు. ఆ మోతల్లో ఇదీ ఒక మోతనుకున్నాడేమో, సిలాస్ కదల్లేదు.

కదిలింది బండ. ముందు ఇసుక రాలింది, తర్వాత గుప్పెళ్లకొద్దీ గులకరాళ్లు. గోడకీ బండకీ మధ్య సన్నటి గీత తెరుచుకుంది. రోజూ స్లాబులు కూలగొట్టేవాడికి ఆ గీత ఏమిటో ఒకరు చెప్పాలా? సమ్మెట వదిలేసి సిలాస్ నడుం పట్టుకుని లాగాడు. తల బయటికొచ్చింది, చెయ్యి పగుల్లోనే ఇరుక్కుపోయింది. "చెయ్యి, చెయ్యి!" అని సిలాస్ అరిచాడు. దేవేందర్ అతని భుజం మీద పాదం ఆనించి, మోచేతి పైన పట్టుకుని, బలమంతా పెట్టి గుంజాడు. ఎముక విరిగిన చప్పుడు అతనికి అరచేతుల్లో తెలిసింది. తోలు చీల్చుకుంటూ చెయ్యి పగుల్లోంచి బయటికొచ్చింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. బండ కూలి, సిలాస్ తల ఉన్న చోటే నేలలో దిగబడింది. స్ఫటికాలు పిండి పిండి అయ్యాయి.

కేకలకి జనం పరిగెత్తుకొచ్చారు. నెత్తురులో తడిసిన ఇద్దరు మనుషులూ, వెనక కూలిన బండా. ఎవరికి కావలసిన కథ వాళ్లకి కనబడింది. ఫోన్లు పైకి లేచాయి. గేటు కాపలా ఖాజా, హైదరాబాదువాడు, "షాబాష్ భాయ్, జాన్ బచాయా!" అని భుజం తట్టాడు. అంబులెన్సులో ఎక్కిస్తుంటే సిలాస్ కూడా పోలీసుతో, "ఈ అన్నే లాగాడు, లేకపోతే పోయేవాణ్ణి" అన్నాడు. దేవేందర్ తల వంచుకుని వ్యాను ఎక్కాడు.

ఆసుపత్రి వరండాలో భూమేశ్ ఉబ్బితబ్బిబ్బై పెళ్లానికి కాల్ చేశాడు.

"ఏమేయ్, మీ తమ్ముడు మనిషి పానం నిలవెట్టిండు!"

సంగతంతా విని లావణ్య బీడీ పక్కన పెట్టింది. "ఫోను వానికియ్యి" అంది. దేవేందర్ అందుకున్నాడు. ఎన్నాళ్లకో అక్క అతని మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ముందుగాల ఎవన్ని గొట్టినవ్‌రా?"

"ఎవన్ని కొట్టలేదక్కా."

"నిన్ను పెంచింది నేను. నీ మొకం నాకెర్కలేదా? చెప్పు."

"...రాయిని."

"ఏ రాయిని?"

"పడ్డది గా రాయే."

భూమేశ్ మొహం పాలిపోయింది. లావణ్య కళ్లు మూసుకుని తెరిచింది.

"గా మనిషికెర్కేనా?"

"లేదు."

"పోయి చెప్పు. చెప్పినంకనే ఫోన్ చెయ్యి." కాల్ కట్ అయింది.

భూమేశ్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. "పిచ్చిదది, దానికి ఈడి సంగతేమెరుక? చెప్తే కేసైతది. జైలు, అటెన్క ఖలాస్. ఊకోరా, నీకు దండం పెడ్త."

దేవేందర్ ఆ చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లాడు. సిలాస్ కుడిచేతికి వేళ్ల దాకా కట్టు కట్టి పైకి వేలాడదీశారు. అతను చూడగానే నవ్వబోయాడు.

"గా బండను నేనే గొట్టి పడేసిన. నీ మీది కోపంతోని సమ్మెటతోని కొట్టిన. పడ్తదనుకోలే. కదిలినంక గుంజిన."

 సిలాస్ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. నర్సుగా రోజూ సూదులు వేసే ఆ చేతి వైపు చూసుకున్నాడు. 

"ఇటు రా" అన్నాడు. అండీలు అయిపోయాయి. "వంగు."

వంగాడు. సిలాస్ ఎడమ చేత్తో చెంప పగిలేలా కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆ కుదుపుకి విరిగిన చెయ్యి కలుక్కుమని తనే బావురుమన్నాడు, ఏడుస్తూనే ఇంకోటి కొట్టాడు. దేవేందర్ పెదవి చిట్లి నెత్తురు దుప్పటి మీద పడింది. అతని పిడికిళ్లు తమంతట తామే బిగిశాయి, పాత అలవాటు. వాటిని మంచం కింది ఇనప పట్టీకి అదిమి పట్టుకున్నాడు.

"పోలీసులకి ఏం చెప్పాలో నాకింకా తెలీదు" అన్నాడు సిలాస్ రొప్పుతూ. "ముందు నా కళ్లముందు నుంచి పో."

దేవేందర్ బయటికొచ్చి బావ చేతిలోని ఫోను అందుకుని అక్కకి కలిపాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"చెప్పిన అక్కా."

"కొట్టిండా?"

"మస్తు కొట్టిండు."

"మరి నువ్వు?"

"కొట్టలే."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఫోను మాత్రం కప్పు వైపు తిరగలేదు.

"రేపు పొద్దుగాల మల్ల పో. ఆయన దగ్గర ఎవలన్న ఉన్నరో లేరో అరుసుకో, ఒక్క చేత్తోని బువ్వెట్ల తింటడు" అని లావణ్య కళ్లు తుడుచుకుంది. "పొద్దటిసంది ఏమన్న తిన్నవార నువ్వు?"