నాయన నా దగ్గర క్లాజులు నేర్చుకున్న నెల

మా నాయన సూర్యాపేట బడిలో ఇరవై ఆరేళ్ళు లెక్కలూ భూగోళమూ ఉర్దూలో చెప్పాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, రెండూ ఆయనకు సొంతమే. ఇంగ్లీషు మాత్రం కూడబలుక్కుని చదివేంతవరకే వచ్చు. అంతకు మించి ఎప్పుడూ అవసరం పడలేదు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు బడికి ఒక తాకీదు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ఆ లోటు తెలియదు.

ఇక మీదట పై తరగతుల్లో ఉర్దూ ఉండదట. పంతుళ్ళందరూ ఇంగ్లీషు కూడా చెప్పగలగాలట. నెల తర్వాత మిర్యాలగూడకు వచ్చి అధికారి ముందు బోర్డు మీద పాఠం చెప్పి చూపించాలి. ఇంగ్లీషు వాక్యాన్ని క్లాజులుగా విడగొట్టడం, అదీ పాఠం. చెప్పలేనివాళ్ళు ఇంటికి వెళ్ళవచ్చు. మాకు జానెడు భూమి లేదు. నాయన, అమ్మ, నాయనమ్మ, నేను, నలుగురమూ ఆ నౌకరి మీదే బతుకుతున్నాం. అమ్మకు చదువు రాదు గానీ, నాయన ముఖం చూడగానే పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది.

నాయన నా వైపు తిరిగి, "క్లాజ్ అంటే ఏంది బిడ్డా?" అని అడిగాడు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. కోదాడలో మేనత్త ఇంట్లో ఉండి, క్రైస్తవుల బడిలో చదువుకుని ఆ ఎండాకాలమే ఇంటికి వచ్చాను. అక్కడ ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ ఆంధ్ర వైపు మనిషి. ఆమె వ్యాకరణంతో పాటు ఆమె మాట తీరు కూడా నాకు అంటుకుంది. 'ఉంటది' అనాల్సిన చోట 'ఉంటుంది' అనేదాన్ని. మా ఇంట్లో దానికి తెగ నవ్వేవాళ్ళు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున్నే పాఠం మొదలు. నేను పుస్తకం తీసుకుని చాప మీద కూర్చున్నాను. నాయన ఒప్పుకోలేదు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి వేసి, "గీడ కూసో" అన్నాడు.

"నువ్వు కింద కూర్చుంటే నేను కుర్చీల ఎట్ల కూర్చోవాలి నాయనా?"

"చెప్పేటోళ్ళు పైన కూసుంటరు, నేర్సుకునేటోళ్ళు కింద కూసుంటరు. నా బడిల గట్లనే ఉంటది. ఇంట్ల గూడ గట్లనే."

నాయనమ్మ అది చూసి బుగ్గలు నొక్కుకుంది. ఆడపిల్ల కుర్చీలో, కన్నతండ్రి చాప మీదా! ఇరుగుపొరుగు చూస్తే ఇంకేమన్నా ఉందా అని వీధి తలుపు మూసింది. ఆ నెలంతా పాఠం వేళకు మా తలుపు మూసే ఉండేది.

టీచరమ్మ మాకు చెప్పినట్టే చెప్పాను. తన కాళ్ళ మీద తాను నిలబడేది ఇండిపెండెంట్ క్లాజ్. ఇంకోదాన్ని ఆనుకుని ఉండేది డిపెండెంట్ క్లాజ్. 'ద చిల్డ్రన్ ర్యాన్ హోమ్', పిల్లలు ఇంటికి ఉరికారు. మాట పూర్తయింది. 'వెన్ ద రెయిన్ కేమ్', వాన వచ్చినప్పుడు. ఇక్కడ ఆపితే వినేవాడు మన నోటి వంక చూస్తూ నిలబడతాడు.

నాయన తల ఊపలేదు. "దాన్ల కర్త ఉన్నది, క్రియ ఉన్నది అంటివి. అన్నీ ఉన్నంక అది ఎందుకు నిలబడదు?" అన్నాడు.

"ముందు 'వెన్' ఉంది కాబట్టి."

"ఉంటే?"

ఉంటే ఏమిటో నాకు తెలియదు. టీచరమ్మ చెప్పలేదు, మేము అడగలేదు. పంతులుకు పాఠం చెప్పడమంత కష్టం మరొకటి లేదు. మూడో రోజు పొద్దున మొహం కడుక్కుంటూ ఆయనే చెప్పాడు.

"'వెన్' అంటే 'జబ్'. 'ఇఫ్' అంటే 'అగర్'. 'బికాజ్' అంటే 'క్యోంకి'. మన తెలుగుల కట్టేసే ముక్క చివర ఉంటది. వచ్చినప్పుడు, వస్తే, వచ్చినందుకు. ఇంగ్లీషుల ఉర్దూ లెక్కనే మొదట్ల ఉంటది. గా మొదటి మాట పీకేస్తే మిగిలింది దానంతట అదే నిలబడతది. గంతేనా?"

అంతే. నాలుగేళ్ళు చదివిన నాకు అది తోచలేదు. సంతోషపడాల్సిన దాన్ని, లోపల ఉడుక్కున్నాను.

ఆ తర్వాత ఆయనకు అదే ధ్యాస అయింది. "అన్నం సల్లారితే…" అని అమ్మ నోరు తెరవగానే "ఇది డిపెండెంట్" అనేవాడు. "ముందుగాల తిను" అని అమ్మ కసిరేది. నోట్‌బుక్కులో ఇంగ్లీషు వాక్యాలు రాసుకుని, ఒక్కో మాట కింద ఉర్దూలో అర్థం రాసుకునేవాడు. క్లాజులు విడగొట్టడంలో ఇరవై రోజులకే నన్ను మించిపోయాడు. నోరే తిరిగేది కాదు. స్కూల్ అనమంటే 'ఇస్కూల్' అనేవాడు. స్టేషన్ అనమంటే 'ఇస్టేషన్'. నేను ఊరుకునేదాన్ని కాదు. పదిసార్లు అనిపించేదాన్ని.

మిర్యాలగూడ వెళ్ళే ముందు రోజు సాయంత్రం కూడా అదే పని చేశాను. అమ్మ ఉంది. పక్కింటి ఆమె తోడు కోసం పెరుగు అడగడానికి వచ్చి నిలబడి ఉంది. నేను "ఇస్కూల్ కాదు, స్కూల్" అని ఎన్నోసారి అన్నానో, నాయన గయ్యిమన్నాడు.

"నాలుగొద్దులు కోదాడల ఉండొచ్చి నాకు నోరు తిప్పుడు నేర్పుతున్నవా? నీ ఆంధ్ర కూతలు ఆడనే పెట్టుకో. పో!"

పక్కింటి ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. పుస్తకం మూసేశాను.

నాయన తనే పుస్తకం తెరిచి చివరి అభ్యాసం తీశాడు. అంతవరకూ మేము వాక్యాల కింద గీతలు గీసేవాళ్ళం తప్ప పట్టీ వెయ్యలేదు. ఐదు వాక్యాలు విడగొట్టి, ఇండిపెండెంట్ క్లాజులు మొదటి నిలువు వరుసలో, డిపెండెంట్ క్లాజులు రెండో నిలువు వరుసలో రాయాలి. నాయన సుద్దముక్కతో నేల బండ మీద నిలువుగా గీత గీశాడు. ఒక్కో క్లాజునూ ఎడమ నుంచి కుడికి చక్కగా రాశాడు. కానీ మొదటి వరుస కుడి పక్కన పెట్టాడు. ఇరవై ఆరేళ్ళుగా హాజరు పట్టీలు, మార్కుల పట్టీలు అన్నీ ఆయన ఉర్దూ పద్ధతిలో కుడి నుంచే గీశాడు మరి. ఆయనకు మొదటిదంటే కుడిదే.

నేను చూశాను. చూడగానే తెలిసింది. ఆ వచ్చే అధికారి ఎడమ నుంచి చదువుతాడు, అన్నీ తిరగబడి కనిపిస్తాయి. ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. నా కూతలు వద్దన్నావుగా, నువ్వే చూసుకో అనుకున్నాను. పొద్దున బస్సులో చెబుదాంలే అని కూడా అనుకున్నాను. ఈ రెండోది నిజంగా అనుకున్నానో, తర్వాత నా కోసం కల్పించుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

దారిలో మరోసారి అప్పజెప్పుకుంటాడని అమ్మ నన్ను తోడు పంపింది. బస్సు ఊరు దాటి కొంత దూరం పోయాక మిలిటరీ వాళ్ళు ఆపారు. అప్పట్లో ఊళ్ళల్లో కమ్యూనిస్టుల కోసం వెతుకుతుండేవాళ్ళు, బస్సులు ఆపడం మామూలే. ఒక జవాను నాయన చేతిలోని నోట్‌బుక్కు లాక్కున్నాడు. ఒక వరుస ఇంగ్లీషు, దాని కింద ఉర్దూ. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఇదేమిటని అడిగితే నాయన తేటగా ఉర్దూలో జవాబు చెప్పాడు. అంత మంచి ఉర్దూ మాట్లాడటమే తప్పయింది, పాత సర్కారు మనిషి అనుకున్నట్టుంది. కిందికి దిగమన్నారు.

నాయన ఎండలో రోడ్డు మీద నిలబడ్డాడు. నేను కిటికీ ఊచ పట్టుకుని ఆయన వీపే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి పెద్ద జవాను ఒకాయన వచ్చి, ఏదో ఒక వరుస చూపించి చదవమన్నాడు. "వెన్ ద రెయిన్ కేమ్" అని నాయన చదివాడు. ఆ పెద్దాయన నవ్వి, నోట్‌బుక్కు ఇచ్చేశాడు. నాయన వచ్చి నా పక్కన కూర్చుని దాన్ని చొక్కా లోపల దాచుకున్నాడు, మిర్యాలగూడ దాకా బయటికి తియ్యలేదు. పట్టీ సంగతి ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

పరీక్ష ఒక బడి గదిలో పెట్టారు. చుట్టుపక్కల తాలూకాల నుంచి వచ్చిన పంతుళ్ళు బెంచీల మీద కూర్చున్నారు. నేను వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. అధికారి మద్రాసు వైపు నుంచి వచ్చినాయన. మాట మెత్తగానే ఉంది. నాయన వంతు రాగానే ఐదు వాక్యాలున్న కాగితం చేతికిచ్చి, "మొదటి వరుసలో ఇండిపెండెంట్‌వి, రెండో వరుసలో డిపెండెంట్‌వి రాయండి మాస్టారూ" అన్నాడు.

నాయన తడుముకోలేదు. గీత గీశాడు. కుడి నుంచి మొదలుపెట్టాడు. దగ్గుదామా, పిలుద్దామా అనుకుంటుండగానే ఐదూ అయిపోయాయి.

అధికారి బోర్డు వంక చూసి, "ఐదుకి ఐదూ తప్పేనండీ. మొత్తం తిరగేసి రాశారు" అన్నాడు.

నాయన బోర్డు వైపు తిరిగి ఒక్కొక్కటీ పెదవులతో చదువుకున్నాడు. బెంచీల మీద పంతుళ్ళూ చూశారు. వాళ్ళలో ఒక్కరికీ తప్పు కనపడలేదు, వాళ్ళందరూ కుడి నుంచి పట్టీలు గీసినవాళ్ళే.

"లేదు సాబ్, అన్నీ సరిగనే ఉన్నయి" అన్నాడు నాయన.

అధికారి ముఖం మారింది. ఎదురు మాట్లాడుతున్నాడనుకున్నాడు. ఇక ఆగలేక నేను కిటికీలోంచే అరిచాను. "సార్! ఆయనకు మొదటి వరుస ఆ పక్కది. కుడి నుంచి చదవండి సార్."

నన్ను లోపలికి పిలిచారు. నేనెవరినో చెప్పాను, ఉర్దూ పట్టీ సంగతి చెప్పాను. అధికారి కుడి నుంచి చదువుకుని, "నిజమే" అన్నాడు. కానీ ఆయన అంతటితో వదల్లేదు. "రేపు పిల్లలు చదివే పుస్తకాలన్నీ ఎడమ నుంచే ఉంటాయి మాస్టారూ. తుడిచేసి ఇటు నుంచి రాయండి" అన్నాడు.

అది న్యాయమే. నాయన తుడిచాడు. గీత గీశాడు. చెయ్యి కుడికి పోయింది, ఆగింది, ఎడమకు వచ్చింది. మొదటిది సరిగ్గా రాశాడు. రెండోది రాయబోతూ మళ్ళీ అటు చూశాడు. ఎటు ఏది పెట్టాలన్న ఆలోచనలో పడి, ఏది ఏ క్లాజో కూడా మరిచాడు. అన్నం దగ్గర అమ్మ మాటల్ని విడగొట్టిన మనిషి, ఈసారి నిజంగానే మూడు తప్పులు రాశాడు. సుద్ద ఆయన చేతిలో విరిగింది.

"నువ్వు రాయగలవా అమ్మా?" అని అధికారి నన్ను అడిగాడు.

రాయలేనని అనొచ్చు. సుద్ద అందుకున్నాను. గబగబా ఐదూ రాసేశాను. రాస్తున్నంతసేపూ నాకు సంతోషంగా ఉంది. దాచుకోవడం దేనికి, చాలా సంతోషంగా ఉంది. అధికారి నా వివరాలు రాసుకున్నాడు. నాయన బెంచీ మీది వాళ్ళ వైపు తిరిగి, "నా బిడ్డ" అన్నాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇక నా వల్ల కాలేదు. "నాయనా, నిన్న నువ్వు బండ మీద రాస్తుంటేనే చూసిన. చెప్పలే" అన్నాను.

"నేను కోపం జేసినంకనా?"

"ఆ."

తిడతాడని ఎదురు చూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నీకు నౌకరి ఇస్తరు బిడ్డా. ఆ సాబ్ మొఖంలనే తెలిసింది" అన్నాడు. "ఇచ్చినంక ఒక్కటి యాది పెట్టుకో. నీకు కోపం తెప్పించిన పిల్లకు గూడ తప్పు దిద్దాలె. ఆ పిల్లకే ముందుగాల దిద్దాలె."

పదిహేను రోజులకు జాబితా వచ్చింది. అందులో నాయన లేడు. సూర్యాపేటలో కొత్తగా పెట్టిన ఆడపిల్లల తరగతికి నన్ను రమ్మన్నారు.

మొదటి రోజు పొద్దున అమ్మ ఎప్పటిలాగే నాయన సద్దిగిన్నె కట్టింది. కట్టాక కాసేపు దాన్ని చేతుల్లోనే పట్టుకుని నిలబడి, తర్వాత తెచ్చి నా చేతికిచ్చింది. నాయన గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. వెళ్ళొస్తానని చెప్పాను. "పొయ్యిరా బిడ్డా" అన్నాడు గానీ, ఇటు తిరగలేదు.