పెళ్లికొడుకు అత్తరు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. నాది కాని అత్తరు పూసుకున్నాను, అదీ సగం సీసా.

తొంభైల్లో పటమటలో ఒక సాయిబు గారి మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆయనకు వన్‌టౌన్‌లో అత్తరు కొట్టు. కొడుకు పెళ్లికని మల్లె, గంధం, ఊద్ స్వయంగా కలిపి ఓ చిన్న సీసా తయారుచేశారు. నిఖా రోజు పెళ్లికొడుక్కి పూయాల్సింది. ఇంటినిండా చుట్టాల పిల్లలు, ముట్టుకుంటారని పెళ్లికొడుకు తల్లి దాన్ని పైకి తెచ్చి, "నీ బీరువాలో పెట్టు బాబూ, నువ్వైతే నమ్మకం" అన్నారు.

మర్నాడు ఆఫీసుకు బయలుదేరుతూ మూత తీశాను. ఒక్క చుక్కే అనుకున్నాను. మణికట్టు మీద ముందు మల్లె విచ్చుకుంది, వెనకాల మెత్తగా గంధం, అడుగున ఎక్కడో ఊద్ పొగలా తగిలింది. అత్తరు దూదికి అద్ది చెవి మడతలో పెట్టుకోవాలని నాకేం తెలుసు? సెంటులాగా మెడకి, చంకలకి, చొక్కాకి రాసేశాను. కాసేపటికి వాసన తెలియట్లేదని మళ్లీ రాశాను.

సిటీ బస్సులో జనం తలలు తిప్పారు.

"ఏం సార్, పెళ్లికొడుకా?" అన్నాడు కండక్టరు.

ఏ మైకంలో ఉన్నానో, అవునన్నాను. ఓ ముసలమ్మ జరిగి చోటిచ్చింది.

"పిల్లది ఏ ఊరు నాయనా?"

"గుణదలేనండీ."

"చదువుకుందా?"

"బీయస్సీ."

దిగేసరికి నాకు నిజంగానే పెళ్లి కుదిరినంత సంబరం!

సాయంత్రం సాయిబు గారు, ఎల్లుండే నిఖా అని, సీసా తెమ్మన్నారు. "మూత వదులుగా ఉన్నట్టుందండీ, కారిపోయింది" అన్నాను. నా వాసన నాకు తెలియడం ఎప్పుడో మానేసింది. ఆయన నన్నొకసారి చూసి, సీసా మూత తిప్పి చూశారు. పెళ్లికొడుకు తల్లి మాత్రం "నేనే సరిగ్గా బిగించలేదేమో" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ముందు నుంచీ నీ పని ఇంతే భాభీ" అని దెప్పింది సాయిబు గారి చెల్లెలు.

పెళ్లికొడుకు నా దగ్గరికొచ్చి గట్టిగా ఊపిరి పీల్చాడు. "ఒరేయ్, నిఖా నాకా, నీకా?"

ఇక దాచలేకపోయాను. "మూత మీరు గట్టిగానే పెట్టారమ్మా. పూసుకున్నది నేను. పైగా అబద్ధమాడాను."

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "అంతా ఎక్కడ పూసుకున్నావయ్యా?" అన్నారు.

"చంకలకి కూడానండీ."

ఇల్లంతా పగలబడి నవ్వింది. నాకూ నవ్వాగలేదు, కానీ నా మాట నమ్మి ఆవిడ ఏడ్చిన ఏడుపు లోపల గుచ్చుతూనే ఉంది.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి సాయిబు గారి వెంట కొట్టుకెళ్లాను. ఆయన చెబుతుంటే మధ్యాహ్నం దాకా చుక్క చుక్కగా కలిపాను. నిండిన సీసా పెళ్లికొడుకు తల్లి చేతికే ఇచ్చి, వంటింట్లో ఉన్న సాయిబు గారి చెల్లెలి దగ్గరికి వెళ్లాను. మీ భాభీ తప్పు రవ్వంత కూడా లేదండీ, అని ఆవిడకి విడిగా మరోసారి చెప్పాను.