రబీ వరి సాగు అనే సినిమా

మండపేటలో మా వీధికి ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ సత్తిబాబు గారు ఈ సాయంత్రం కంగారుగా వచ్చారు. ఆయన లైనులో ఎవరో కొత్త సినిమా దించుకున్నారని పైనుంచి నోటీసొచ్చిందట.

“మీరు కాదు కదండీ? ఇంకోసారైతే నా లైను పీకేస్తారండి!”

“అబ్బే, నేను సినిమాలే చూడనండి,” అన్నాను. కంప్యూటర్ కూడా తెరిచి చూపించాను. ఆ ఫైలుకి ‘రబీ వరి సాగు’ అని ఎప్పుడో పేరు మార్చేశాను మరి.

ఆయన నమ్మేసి లేచారు. “పిల్లలు ఆ సినిమాకే వెళ్దామని గోలండీ,” అన్నారు.

కాఫీ తెస్తున్న మా అమ్మ ఆగిపోయింది. “డబ్బులు దండగ బాబూ! ఇంటర్వెల్ తర్వాత ఏమీ లేదు. మొన్న మా కంప్యూటర్లో చూశాంగా!”

సత్తిబాబు గారు మళ్ళీ కూర్చున్నారు.

ఫైలు పేరు మార్చడం నాకొచ్చు. అమ్మ మంచితనాన్ని ఏ ఫోల్డర్లో దాచాలో మీలో ఎవరికైనా తెలుసా?