మూడో బస్తా బొగ్గు

మా ఊళ్ళో కొబ్బరికాయలు వలిచాక మిగిలిన డొక్కల గురించి ఎవరూ పెద్దగా ఆలోచించేవారు కాదు. వలిచిన చోటే గుట్టగా పడి ఉండేవి. పీచు మిల్లు లారీ వచ్చినప్పుడు కొన్ని పోయేవి. మిగతావి వానకు నాని దోమల్ని పెంచేవి. ఎండాకాలంలో ఎవరో నిప్పు పెడితే మూడు రోజులు పొగ. ఆరేసిన చీరలకు ఆ వాసన పట్టేది. ఊరన్నాక అది మామూలే అనుకునేదాన్ని.

రెండేళ్ళ కిందట ఒక సలహాదారుగారు వచ్చారు. ముప్పై దాటి ఉండవు. మా ఆడవాళ్ళ సంఘాన్ని అంగన్‌వాడీ వరండాలో కూర్చోబెట్టి, చేతిలో ఒక డొక్క పట్టుకుని చెప్పారు.

"చెట్టు గాలిలో ఉన్న కార్బన్ తాగి ఇది తయారు చేసిందండి. బూడిదయ్యేదాకా కాల్చేస్తే అదంతా మళ్ళీ గాలిలోకే పోతుంది. గాలి ఆడకుండా మూసి కాలిస్తే బొగ్గవుతుంది. ఆ బొగ్గు మట్టిలో కలిపేరనుకోండి, మీ మనవల మనవలు వచ్చేదాకా అక్కడే ఉంటుంది. పాదులో తేమ కూడా నిలబడుతుంది."

"అయితే మీరు బొగ్గు మేష్టారన్నమాట," అంది మా తోటికోడలు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆ పేరే ఉండిపోయింది.

ఆయన చెప్పినట్టే సంఘం పాకలో ఇనప బట్టీ పెట్టారు. అది కాలుతున్నప్పుడు పుట్టే వేడి గొట్టంలోంచి పక్కగదిలోకి పోయి, అక్కడ పరిచిన కొబ్బరిని ఎండబెట్టేది. ముసురు పట్టిన రోజుల్లో కూడా కొబ్బరికి బూజు పట్టకుండా ఉండడం మేము మొదటిసారి చూసింది అప్పుడే. ఇదంతా ఆయన సంస్థవాళ్ళు మాకు ఊరికే ఇచ్చారు గాని ఒక షరతు ఉంది. ఎంత బొగ్గు తయారైంది, ఎన్ని బస్తాలు ఏ చెట్ల పాదుల్లో వేశాం అన్నది పుస్తకంలో రాయాలి. రాసింది ఒకటి, మట్టిలో ఉన్నది ఇంకొకటి అయితే బట్టీ వేరే ఊరికి వెళ్ళిపోతుంది.

ఆ పుస్తకం నేను రాస్తానన్నాను.

నాకు అక్షరాలు వచ్చి అప్పటికి మూడేళ్ళు. యాభై ఆరేళ్ళు వచ్చేదాకా సంఘం తీర్మానాల కింద వేలిముద్రే వేసేదాన్ని. బొటనవేలికి అంటిన ఆ సిరా రెండు రోజులైనా వదిలేది కాదు, అన్నం కలుపుకుంటుంటే కళ్ళ ముందే ఉండేది. అంగన్‌వాడీ పిల్లలు మధ్యాహ్నం నిద్రపోయే వేళ టీచరుగారి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. చదవడం తొందరగానే వచ్చింది. రాయడం మాత్రం ఇప్పటికీ నిదానమే. ఒక వాక్యం రాయడానికి నాకు పట్టే సమయంలో కుండెడు అన్నం ఉడుకుతుంది.

మొదట్లో పాకలోనే, అందరి ముందూ రాసేదాన్ని. వాళ్ళు సంతకాలు పెట్టాలి కనుక నా చుట్టూ నిలబడేవారు.

"అక్కా, నువ్వు ఆ బస్తాకి వత్తు పెట్టేలోపు నా ఇంట్లో పాలు పొంగిపోతాయే," అనేది తోటికోడలు.

"పొంగనీ. నీ ఇంట్లో పాలెక్కడివి, ప్యాకెట్లేగా," అనేదాన్ని. అనేదాన్నే గాని చెవులు వేడెక్కేవి. వాళ్ళకు ఇంటి దగ్గర పనులుంటాయి. నా కోసం నిలబడడం నాకే బాగుండేది కాదు.

అందుకని ఒక ఉపాయం చేశాను. పని రేపనగా ఇవాళే ఇంట్లో తీరుబాటుగా కూర్చుని రాసేసుకునేదాన్ని. 'మూడు బస్తాలు. కాలవ గట్టు తోట. పద్దెనిమిది చెట్లు.' మర్నాడు పని అయ్యాక పుస్తకం తెరిచి సంతకాలు పెట్టించడమే మిగిలేది. నా చేతిరాత మెరుగైందని బొగ్గు మేష్టారు మెచ్చుకున్నారు కూడా. ఎందుకు మెరుగైందో నేను చెప్పలేదు.

కిందటేడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అలా రాసుకున్న మర్నాడు పాక తలుపు తీసేసరికి మూడు బస్తాలకు బదులు రెండే ఉన్నాయి. తోటికోడలు మా వెనకే వచ్చింది, చేతికి మసి.

"మూడోది ఏదే?"

"నేనే పట్టుకెళ్ళేను అక్కా. పిల్ల పురిటి మంచం మీదుంది కదా. కుంపట్లోకి."

వాళ్ళ అమ్మాయి పురిటికి వచ్చి ఆడపిల్లను కని అప్పటికి వారం. మా వైపు బాలింతకు మంచం కింద కుంపటి ఉండాలి, తలంటి పోశాక జుట్టుకూ బిడ్డకూ సాంబ్రాణి పొగ వేయాలి. దానికి కొబ్బరి చిప్పల బొగ్గు అయితే పొగ రాదు, వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. మూడో బస్తాలో ఉన్నదంతా చిప్పలు కాల్చిన బొగ్గే.

"అది పాదుల్లో వెయ్యాల్సిందని తెలీదా?"

"తెలుసు. అంత బంగారంలాంటి బొగ్గు మట్టిలో పాతడానికి నాకు చేతులు రాలేదు. నీకు వస్తాయా, నిజం చెప్పు."

నాకూ వచ్చేవి కావు. మా అమ్మ పొయ్యిలో మిగిలిన ప్రతి బొగ్గునీ నీళ్ళు చల్లి ఆర్పి డబ్బాలో దాచేది. ఇస్త్రీ చేసే ఆయనకు ఇచ్చేది, చలికాలానికి ఉంచేది. బొగ్గు పారేసిన ఆడదాన్ని నేను మా ఊళ్ళో చూడలేదు. ఏడాదిగా మేమంతా మేష్టారి మాట మీద గౌరవంతో బొగ్గు పాతుతున్నామే గాని, అలా పాతిన ప్రతిసారీ లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉండేది.

"రెండు బస్తాలే పద్దెనిమిది చెట్లకీ పల్చగా చల్లేద్దాం అక్కా. పైకి నల్లగా కనిపిస్తే చాలదూ," అంది. మిగతావాళ్ళు సరేనన్నారు. పుస్తకంలో మూడని ముందే రాసేసి ఉన్నాను. పల్చగా చల్లేశాం. సంతకాలు పెట్టించాను.

నాలుగు రోజులకు మేష్టారు ఫోన్ చేశారు.

"అమ్మగారూ, శనివారం పట్నం నుంచి తనిఖీ మేడంగారు వస్తున్నారండి. ఈ పనిలో చాలా పెద్దావిడ. పాదుల్లో గొట్టం దించి మట్టి తీసి చూస్తారు. మీ పుస్తకం చూపిస్తాం, మనకి భయం లేదు."

ఆయ్ అన్నాను. ఫోన్ పెట్టేశాక పుస్తకం తీసి ఆ పేజీ మళ్ళీ చదువుకున్నాను.

బట్టీ పోతుందన్న భయం ఉంది. కాని దానికన్నా పెద్దది ఇంకొకటి. నిన్న గాక మొన్న అక్షరాలు నేర్చుకున్నదాని చేతికి పుస్తకం ఎందుకిచ్చారని అడుగుతారు. పుస్తకం తీసుకుని ఇంకెవరికో ఇస్తారు. ఆ పుస్తకం లేకపోతే నాకు రాయడానికి ఏముంది? నాకు ఉత్తరాలు రాసేవాళ్ళు లేరు, నేను రాయాల్సినవాళ్ళూ లేరు. రాయకపోతే అక్షరాలు నా చేతిలోంచి జారిపోతాయి. మళ్ళీ ఆ సిరా డబ్బీయే.

శనివారం తొమ్మిదికి వస్తామన్నవాళ్ళు పదకొండైనా రాలేదు. వాడపల్లి గుడికి వెళ్ళే భక్తుల కార్లతో గట్టు రోడ్డంతా ఆగిపోయిందని మేష్టారు ఫోన్ చేశారు. ఆ రెండు గంటలూ నాకు ఎవరో ఇచ్చినట్టు దొరికాయి. పాకలో చాప వేసుకుని కూర్చుని, పాత వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీశాను. కింద రాయడం మొదలుపెట్టాను. తోటికోడలు వచ్చి చూసింది.

"నా పేరు రాస్తున్నావా?"

"లేదు. బాలింత అనే రాస్తున్నాను."

ఆమె పక్కనే కూర్చుంది.

కారు ఆగేసరికి చివరి ముక్క రాస్తున్నాను. మేడంగారికి దాదాపు నా వయసే. నేత చీర, కాళ్ళకు బూట్లు. పుస్తకం తీసుకుని ఆ పేజీ పైకే చదివారు.

"'ఇది ముందు రోజే రాసేను. తప్పు. రెండు బస్తాలే వేసేం. ఒక బస్తా బాలింత కుంపట్లో కాలింది.' మీరే రాసేరా?"

"ఆయ్. నేనేనండి."

మేష్టారి ముఖం పాలిపోయింది. మేడంగారు కుంపటి చూస్తానన్నారు. తోటికోడలి ఇంటికి తీసుకెళ్ళాం. బాలింత కంగారుగా లేవబోతే వద్దని సైగ చేసి, మంచం పక్కన గొంతుకూర్చుని కుంపట్లో బూడిదను పుల్లతో కదిపారు. సాంబ్రాణి వాసన ఇంకా ఉంది. తోటికోడలు తడిక తలుపు వెనక నిలబడింది. తడిక మీద ఆమె వేళ్ళు మాత్రం నాకు కనిపిస్తున్నాయి.

"ఇక్కడ కాలిపోయింది కాబట్టి ఇది మట్టిలో వేసిన బొగ్గు లెక్కలోంచి తీసేస్తాం. అంతే," అన్నారు మేడంగారు.

"అంతేనాండి?"

"అంతే. బాలింతకి వెచ్చగా ఉండడం తప్పేం కాదుగా. తప్పు ముందు రోజు రాయడం. జరగబోయేది రాసే పుస్తకం నాకు పనికిరాదమ్మా."

"ఇంకెప్పుడూ ముందుగా రాయనండి," అన్నాను. తడిక మీది వేళ్ళు వదులయ్యాయి.

బయటికి వచ్చాక ఆవిడ మేష్టారి వైపు తిరిగారు.

"ఈ ఇళ్ళల్లో బొగ్గు దేనికి వాడతారో ముందే అడిగేరా మీరు?"

"లేదండి," అన్నారాయన నేల చూస్తూ.

"నేను కూడా అడగలేదు. మనం వచ్చి చెప్పడమే గాని."

అప్పుడే అక్కడే అరుగు మీద కూర్చుని పద్ధతి మార్చారు. చిప్పలు ఇళ్ళకి వదిలేయాలి. డొక్కలూ మట్టలూ మాత్రమే బట్టీకి. బొగ్గు చల్లారిన పూటే పేడ నీళ్ళల్లో నానబెట్టాలి, అలా నానింది పాదుకి బలం కూడా. ఇన్నాళ్ళూ వేసేముందు నానబెడితే చాలని మేష్టారు బస్తాల్లోనే ఉంచమనేవారు.

"పేడలో నానిన బొగ్గు కుంపట్లో ఎవరు వేస్తారండి! ఇంక నా మీద అనుమానం అక్కర్లేదు," అంది తోటికోడలు తడిక వెనక నుంచి బయటికొచ్చి. అందరికన్నా గట్టిగా మేడంగారే నవ్వారు. తర్వాత తోటకి వెళ్ళి గొట్టం దించారు. ఆరు పాదుల్లో మట్టి తీశారు. రెండు బస్తాలకు సరిపోయింది.

పుస్తకం నా చేతికే ఇచ్చి వెళ్ళారు.

ఇప్పుడు పని అయ్యాకే రాస్తున్నాను, పాకలోనే, అందరి ముందే. చేతులు కడుక్కుని వాళ్ళు చాప చుట్టూ కూర్చుంటారు. నా నిదానం ఏమీ మారలేదు. మొన్న ఆరు బస్తాలు రాస్తుంటే వాన మొదలైంది, కొత్తగా చేరిన ఒకామె త్వరగా కానివ్వమంది. తోటికోడలు మనవరాలిని ఒళ్ళో జో కొడుతూ ఆమెను కసిరింది.

"ఉండమ్మా నువ్వు. చూసి రాస్తంది కదా. నువ్వు రాయక్కా, నిదానంగానే రాయి. నా ఇంట్లో పాలేం పొంగవులే."